బక్కయ్యకు బండి

రానూ పోనూ టికెట్టే కొన్నాను. కారు కొనుక్కుని అందులోనే ఇంటికి రావాలని బయల్దేరినవాడికి తిరుగు టికెట్టెందుకని మా ఆవిడ అడిగింది. ఇక్కడి రైళ్ళలో రద్దీ లేని వేళల రిటర్న్ టికెట్టు చాలాసార్లు సింగిల్ కన్నా ఒకటో రెండో పౌండ్లే ఎక్కువ. పైగా అది జేబులో ఉంటే బేరం కుదరకపోయినా ఓ దణ్ణం పెట్టి వచ్చేయొచ్చు. సింగిల్ టికెట్టుతో వెళ్ళినవాడికి ప్రతి బండీ బాగానే కనిపిస్తుంది.

కుక్కకు టికెట్టు అక్కర్లేదు. బ్రిటన్ రైళ్ళలో మనిషికి రెండు కుక్కల దాకా ఉచితం.

మా వాడి పేరు బక్కయ్య. గ్రేహౌండ్. పందాల్లో పరిగెత్తి, నాలుగేళ్ళకే రిటైరై మా ఇంటికి చేరాడు. రెండు చెవుల్లోనూ పచ్చబొట్టు ఉంటుంది. ఐర్లండ్‌లో పుట్టిన పందెపు కుక్కలకు అలా రెండు వైపులా పొడుస్తారు. బరువు 34 కిలోలే, భుజం దగ్గర ఎత్తు మాత్రం 72 సెంటీమీటర్లు. పేరు మా ఆవిడ పెట్టింది. పక్కింటి పెద్దాయన నోట్లో పడి అది 'బకాయి' అయింది. మా క్రెడిట్ కార్డుల సంగతి ఆయనకెలా తెలిసిందా అనుకున్నాం.

ఉన్న చిన్న కారులో వాడికి వెనక సీటే దిక్కు. గ్రేహౌండ్లకు కూర్చోవడం సరిగ్గా కుదరదు. ఆ తొడల కండలతో ముడుచుకోవడం వాటికి సుఖంగా ఉండదు. నిలబడతాయి, లేదా పడుకుంటాయి. మా వాడు నిలబడేవాడు. మా ఊరు రెడింగ్‌లో రౌండబౌట్లకు కొదవలేదు. ప్రతి మలుపులోనూ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారిపోయేవి. బెల్టు ఉన్నా అంతే. కుక్కను కారులో కట్టడి చేసి తీసుకెళ్ళాలని ఇక్కడి హైవే కోడ్ 57వ నియమం చెబుతుంది. కట్టడి చేసిన కుక్క సుఖంగా ఎలా ఉండాలో మాత్రం చెప్పదు.

ఎస్‌యూవీ కొనమని ఆఫీసులో అందరూ చెప్పారు. వాటి డిక్కీ ఎత్తులో ఉంటుంది. సన్నటి కాళ్ళున్న కుక్క రోజుకు నాలుగుసార్లు అక్కణ్ణుంచి దూకితే కారు ఖర్చుకు పశువుల డాక్టరు ఖర్చు తోడవుతుంది. అందుకే ఎస్టేట్ కారు అనుకున్నాను. అంటే కారు కప్పు తోక దాకా సాగి, వెనక పెట్టెలా ఉండే బండి. మన దగ్గర ఇది ఎప్పుడూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో ఇండిగో మెరీనా వచ్చింది. తెనాలిలో మా నాన్న స్నేహితుడొకాయన మెరీనా కొంటే, అంబులెన్సనుకుని, ఎవరికి సీరియస్‌గా ఉందని వీధిలోవాళ్ళు పరామర్శకు వచ్చారు. ఇంగ్లండ్‌లో మాత్రం వీటికి వేరే గౌరవం. బురద బూట్లు, తోటపని మట్టి, తడిసిన కుక్క, అన్నీ వీటిలోనే.

కొలతల దగ్గరే నేను కొంచెం పిచ్చిపని చేశాను. పుస్తకాల్లో డిక్కీ సైజు లీటర్లలో రాస్తారు. కుక్కేమీ నీళ్ళు కాదు, లీటర్లలో పోయడానికి. హోండా సివిక్ టూరర్‌కు 624 లీటర్లని చదివి మురిసిపోయి, స్నేహితుడి దగ్గరున్నది వెళ్ళి చూశాను. ఆ లెక్కలో నేల కింద దాచిన గుంట కూడా కలిసి ఉంది. సామాన్లకది బ్రహ్మాండం, బక్కయ్యను నేల కింద పెట్టలేం కదా. ఇంటికొచ్చి, వాడు వాడికిష్టమైన తీరులో కాళ్ళు చాపి నిద్రపోయేదాకా ఆగి, కింద పరిచిన పాత దుప్పటి మీద చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. "కుక్కకు ముగ్గేశావా?" అంది మా ఆవిడ. ఆ గీత వెంట కత్తిరించి, మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇక టేపు అక్కర్లేదు. దుప్పటి ఎక్కడ చదునుగా పరుచుకుంటే అదే మన బండి.

శనివారం ఉదయం రెడింగ్‌లో రైలెక్కాం. ఆక్స్‌ఫర్డ్ దాటాక రైలు కాట్స్‌వోల్డ్ కొండల్లోకి పోతుంది. తేనెరంగు రాతి ఇళ్ళు, మోర్టన్ ఇన్ మార్ష్, తర్వాత తోటల ఊరు ఈవ్‌షామ్. బక్కయ్య నడవాలో పొడుగ్గా పడుకున్నాడు. కాఫీలు పట్టుకున్న జనం వాణ్ణి కాలవ దాటినట్టు దాటుకుంటూ పోయారు. ఒక్కరూ విసుక్కోలేదు. అదే స్థలంలో నా సూట్‌కేసు ఉంటే ఏమనేవాళ్ళో.

మొదటి బండి వూస్టర్‌లో. స్టేషన్ దిగి కాలవగట్టు వెంట నడుచుకుంటూ డీలరు దగ్గరికి పోయాం. వాల్వో వి60, ముదురు నీలం. నిజం చెప్పాలంటే కారు కోసం కాదు, పేరు కోసం వెళ్ళాను. కుక్కలున్న ఇంగ్లీషువాళ్ళ మనసులో ఎస్టేట్ అంటే వాల్వోనే. 1994లో ఆ కంపెనీ 850 ఎస్టేట్‌ను ఏకంగా బ్రిటిష్ టూరింగ్ కార్ల పందాల్లోకి దింపింది. జనం నవ్వుతుంటే, ఒకసారి పరేడ్ ల్యాపులో వెనకాల పెద్ద బొమ్మకుక్కను కూర్చోబెట్టి తిప్పారు. అలాంటి ఇంటిపేరున్న బండిలో బక్కయ్య పట్టకపోతాడా అనుకున్నాను.

పట్టలేదు. ఆ తరం వి60 డిక్కీ 430 లీటర్లే. అందం కోసం వెనక అద్దాన్ని బాగా వాల్చారు. దుప్పటి పరిస్తే కాళ్ళ వైపు ఓ జానెడు పైకి మడతపడింది. వాణ్ణి ఎక్కించి తలుపు నెమ్మదిగా దించితే ముక్కు అద్దానికి తగిలి, నన్నొక చూపు చూశాడు. డీలరు కుర్రాడు మంచివాడు. "అన్నా, దీని పెద్దన్న వి70 చూసుకోండి" అన్నంత పనిచేశాడు. చూడలేక కాదు. నా డబ్బుకు వచ్చే వి70లు చాలావరకు పాత డీజిళ్ళు. మా అక్కావాళ్ళు లండన్‌లో, ఈస్ట్‌హామ్‌లో ఉంటారు. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ నగరమంతా కాలుష్య రుసుము కిందికొచ్చింది. సుమారుగా 2015 సెప్టెంబరుకు ముందు డీజిల్ అయితే రోజుకు పన్నెండున్నర పౌండ్లు. అక్క చేతి పులిహోర ఎంత బావున్నా ప్రతిసారీ అంత పెట్టలేను. పైగా బక్కయ్య రోజువారీ ప్రయాణం నది ఒడ్డు దాకా, రెండు మైళ్ళు. అంత దగ్గరి తిరుగుళ్ళకు డీజిల్ పొగగొట్టంలోని ఫిల్టరు వేడెక్కదు, మసి కాలదు, చివరికి పూడుకుపోతుంది. పెట్రోలే కావాలి.

ఊళ్ళో ఇంకో చోట రెండో బండి. దాని పేరు చెప్పను. నిన్నట్నుంచి స్టార్ట్ చేయలేదన్నాడు అమ్మేవాడు. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. చల్లటి ఇంజను మొదటిసారి ఎలా మొరాయిస్తుందో కొనేవాడు వినకూడదనుకున్నప్పుడే ముందుగా వేడిచేసి పెడతారు. లోపల ఎయిర్ ఫ్రెషనర్ గుప్పుమంది. బక్కయ్య తల లోపల పెట్టి మూడుసార్లు తుమ్మి వెనక్కొచ్చాడు. డిక్కీ నేల ఎత్తి చూస్తే స్టెప్నీ గుంటలో నీళ్ళు. "నిన్న వాన కదండీ" అన్నాడాయన. వాన బయట పడాలి కదా అని తెలుగులో అనుకుని, ఇంగ్లీషులో థాంక్యూ చెప్పి వచ్చేశాను. దుప్పటి సంచిలోంచి తీయనే లేదు.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. రిటర్న్ టికెట్టు వాడుకోవాల్సి వస్తుందేమోనని టెన్షన్ మొదలైంది. ఇంట్లోంచి తెచ్చిన పెరుగన్నం ప్లాట్‌ఫాం బెంచీ మీద ఇద్దరం పంచుకున్నాం. మూడో బండి గ్రేట్ మాల్వెర్న్‌లో, అక్కణ్ణుంచి రైల్లో పావుగంట లోపే.

ఆ స్టేషన్ కోసమైనా ఆ ఊరు వెళ్ళొచ్చు. కప్పును మోసే ఇనుప స్తంభాల తలల మీద ఆకులు, పువ్వులు పోతపోసి రంగులేశారు, ఒక్కో స్తంభానికి ఒక్కో రకం. మన గుళ్ళలో స్తంభాలు చూసినట్టు తల పైకెత్తి నడిచాను. ఊరంతా కొండవాలు మీదే ఉంటుంది. మోర్గన్ కార్ల ఫ్యాక్టరీ ఈ ఊళ్ళోనే. ఇప్పటికీ ఆ కార్ల ఒంట్లో కర్ర చట్రం ఉంటుంది. నేను వెళ్ళింది అంత షోకైన బండి కోసం కాదు. 2017 స్కోడా ఆక్టేవియా ఎస్టేట్, 1.4 పెట్రోలు, మాన్యువల్ గేరు, 68 వేల మైళ్ళు.

అమ్మేది డెబ్భై దాటిన ఒకావిడ. తుంటి ఆపరేషన్ అయ్యాక పొడుగు బండి వెనక్కి తీయడం కష్టమై చిన్నది కొనుక్కున్నారు. నేను నమస్కారం పూర్తిచేసేలోపే ఆవిడ బక్కయ్య చెవులు నిమరడం మొదలుపెట్టారు. బానెట్ చల్లగా ఉంది. ఎం.ఓ.టి. అనే ఏటేటా జరిగే తనిఖీ చరిత్రంతా ఇక్కడ నంబరు కొడితే ప్రభుత్వం సైట్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రెండు రోజుల ముందే ఇంట్లో చదివి ఉంచాను. మైళ్ళు ఏటికేడు సమానంగా పెరిగాయి. ముందు టైర్లు అరిగాయని ఒకసారి హెచ్చరిక ఉంది. మరుసటి ఏడు అది లేదు, అంటే మార్పించారు. ఆ టైర్ల రసీదు కూడా ఆవిడ ఫైల్లో ఉంది. రసీదులు దాచే మనిషి దగ్గర కారు కొనడం, మామ్మగారి చేతి ఆవకాయ కొనడం ఒకటే.

డిక్కీ తీశారు. ఎరువు వాసన. కూరగాయల మడికి ఏళ్ళతరబడి గుర్రపుపేడ మోసిన బండి అది. "కడిగించాను, పూర్తిగా పోలేదు" అని ఆవిడ సిగ్గుపడ్డారు. నేను సంచిలోంచి దుప్పటి తీసేలోపే బక్కయ్య ముందుకాళ్ళు గడప మీద పెట్టి, ఒక్క ఊపులో లోపల ఉన్నాడు. ఇంతవరకు ఏ కారూ వాడంతట వాడు ఎక్కలేదు. గ్రేహౌండ్లకు ఎక్కడం నేర్పాల్సి వస్తుంది, మేమూ రెండేళ్ళుగా ఎత్తి పెడుతూనే ఉన్నాం. మూలలన్నీ వాసన చూసి, రెండు చుట్లు తిరిగి పడుకున్నాడు. అయినా తెచ్చాం కదా అని వాణ్ణి దించి దుప్పటి పరిచాను. నాలుగు వైపులా చదును. ఆవిడ ఇదంతా చూస్తూ, ఎందుకని ఒక్క మాట అడగలేదు.

పదునైన అంచులేమైనా ఉన్నాయేమోనని చేత్తో తడిమి చూశాను. గ్రేహౌండ్ చర్మం కాగితంలా చిరుగుతుంది. ఒక పక్క సామాను కట్టే కొక్కెం బయటికి పొడుచుకొచ్చి ఉంది. దానికి గుడ్డ చుట్టాలి. సీట్ల వెనక కట్టే ఇనుప జాలీ లేదు, విడిగా కొనాలి. ఈ రెండూ బేరంలోకి పనికొచ్చాయి.

టెస్ట్ డ్రైవ్‌కు ఆ ఊరి కన్నా మంచి చోటుండదు. కొండను చీల్చుకుని అవతలికి పోయే విచ్ రోడ్డు ఎక్కించాను. ఎగువలో మూడో గేరులో గట్టిగా తొక్కితే, క్లచ్ అరిగి ఉంటే ఇంజను అరుస్తుంది, బండి పరిగెత్తదు. ఇది అరిచింది, పరిగెత్తింది కూడా. పైన ఒక నిమిషం ఆపాను. తూర్పున సెవర్న్ లోయంతా పరుచుకుని ఉంది. వెనకనుంచి గురక వినిపించింది.

7,200 పౌండ్లు అడిగారు. జాలీ, కొక్కెం, అరుగుతున్న వెనక బ్రేకులు చెప్పి 6,700 అన్నాను. 6,900 దగ్గర టీ ఇచ్చారు. టీ తాగాక ఇంకా తగ్గించమనడానికి నాకు నోరు రాలేదు. మా నాన్నయితే రెండో కప్పు కూడా తాగి అడిగేవాడు.

కాగితాలు పది నిమిషాల పని. లాగ్‌బుక్‌లో, అంటే మన ఆర్‌సీ లాంటిదాంట్లో, కొత్త యజమాని చీటీ చింపి ఇచ్చారు. 2014 నుంచి ఇక్కడ రోడ్డు పన్ను బండితోపాటు చేతులు మారదు. ఆ చీటీ మీద పన్నెండంకెల నంబరుతో నేనే ఫోన్లో కట్టాలి. ముందు ఇన్సూరెన్సు, తర్వాత పన్ను, ఆ తర్వాతే తాళం తిప్పడం. ఆ గోడల మధ్య సిగ్నల్ అందక, ఆవిడ గులాబీల మధ్య నిలబడి పన్ను కట్టాను.

వచ్చేటప్పుడు ఏ44 పట్టుకున్నాను. ఈవ్‌షామ్ దాటి, బ్రాడ్‌వే పక్కనుంచి ఫిష్ హిల్ ఎక్కుతుంటే పొద్దు వాలింది. మలుపులు మెలికలు తిరిగిపోతాయి. అద్దంలో చూస్తే వాడు లేడు. గుండె ఆగింది. పక్కన ఆపి చూస్తే అడుగున చుట్టచుట్టుకుని ఉన్నాడు, అద్దానికి అందనంత కింద. ఇన్నాళ్ళూ కారు అద్దంలో వాడి ముఖం తప్ప ఇంకేదీ చూసి ఎరగను.

ఆక్స్‌ఫర్డ్, వాలింగ్‌ఫర్డ్ మీదుగా రెడింగ్ చేరేసరికి ఎనిమిదయింది. మా ఆవిడ బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసింది. డిక్కీ తీసి, వాసనకు ముక్కు మూసుకుని, బక్కయ్య పడుకున్న తీరు చూసి నవ్వింది. తర్వాత ఇటు తిరిగి, "మరి ఈస్ట్‌హామ్‌నుంచి బియ్యం బస్తా ఎందులో తెస్తావ్?" అంది.

ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. డిక్కీలోని 610 లీటర్లూ కుక్కకే రాసిచ్చేశాను. మరుసటి ఆదివారం అక్కావాళ్ళింటినుంచి వస్తూ ఇరవై కిలోల సోనామసూరి బస్తాను వెనక సీట్లో, ఒకప్పుడు బక్కయ్య నిలబడిన చోటే కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. అది మాత్రం రౌండబౌట్ల దగ్గర ఎటూ జారలేదు.