పైథాన్ నేర్చుకున్న తర్వాత నా పని

శ్రీకాకుళంలో ఉంటూ పొందూరు ఖద్దరు, పలాస జీడిపప్పు అమ్మే వెబ్‌సైట్లకు సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ పని (వెతికినప్పుడు అవి ముందు కనిపించేలా చేసే పని) చేస్తున్న నాకు, ఈ ఏడాది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం ఎంతో సంతోషాన్నిచ్చింది. జనం ఏ మాటలు వెతికినప్పుడు మన సైటు కనిపించిందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరపై ఒక నివేదికలో 1,000 వరుసలకు మించి కనిపించవు. అదే సమాచారాన్ని ఏపీఐ (ప్రోగ్రాం నేరుగా సమాచారం తెచ్చుకునే మార్గం) ద్వారా అడిగితే ఒక్కో అభ్యర్థనకు 25,000 వరుసల వరకు తీసుకోవచ్చు. జనం అరుదుగా వెతికే మాటలు ఆ కింది వరుసల్లోనే ఉంటాయి కనుక, చిన్న వ్యాపారుల కోసం పనిచేసే నాకు ఈ తేడా చాలా పెద్దది.

నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది తెలుగు వెబ్ చిరునామాల సంగతి. అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘ప’ అనే ఒక్క అక్షరానికి 3 బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో మొదలయ్యే 3 గుర్తులుగా మారుతుంది కాబట్టి, ఆ ఒక్క అక్షరమే 9 గుర్తులవుతుంది. సైటుకు వచ్చిన అభ్యర్థనలను నమోదు చేసే సర్వర్ లాగ్‌లో ‘పొందూరు’ అన్న పేరు ఎంత పొడవుగా, ఎంత అయోమయంగా కనిపిస్తుందో ఊహించండి. ‘అన్‌కోట్’ అనే పైథాన్ ఫంక్షన్‌కు ఆ వరుసను అందించగానే మన ఊరి పేరు చక్కని తెలుగులో తెరపైకి వచ్చిన క్షణాన, పైథాన్ నా కోసమే ఉందనిపించింది.

సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారాన్నే ఉంచుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి నెలా ఒక చిన్న ప్రోగ్రాంతో దాన్ని భద్రపరుస్తున్నాను. వచ్చే సంక్రాంతి అమ్మకాలను పాత పండుగలతో పోల్చి చూసేందుకు పట్టికల్లోని సమాచారాన్ని విశ్లేషించే పైథాన్ సాధనమైన పాండాస్ నేర్చుకుంటున్నాను.