స్టార్‌కు దారి ఇచ్చేది మూలన నిలబడ్డోడు

నల్లగొండల, పాలమూరుల సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆటలు చూస్తుంటే ఒకటే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తది. మంచి ఆటగాడి చేతికి బాల్ రాంగనే మిగతా నలుగురు రింగ్ కిందికి ఉరుకుతరు. వాళ్ల వెనకాలే వాళ్ల డిఫెండర్లు. రింగ్ ముందటి 4.9 మీటర్ల వెడల్పు డబ్బాల (పెయింట్) ఎనిమిది మంది ఉంటే ఆ పిలగాడు బాల్ కొట్టుకుంట రింగ్ మీదికి డ్రైవ్ ఎటు చేస్తడు?

2017-18ల అమెరికా ఎన్‌బీఏ లీగ్ టీమ్ మిల్వాకీ 44 మ్యాచ్‌లు గెలిచింది. తర్వాతి సీజన్ కొత్త కోచ్ బుడెన్‌హోల్జర్ వచ్చిండు, మామూలుగా రింగ్ దగ్గర ఆడే సెంటర్ జాగల కొత్తగ వచ్చిన బ్రూక్ లోపెజ్‌ను మూడు పాయింట్ల గీత అవతల నిలబెట్టిండు. 60 గెలుపులు, టీమ్ స్టార్ యానిస్‌కు ఎంవీపీ (లీగ్‌ల ఉత్తమ ఆటగాడి అవార్డు). యానిస్ ముందట ఖాళీ దొరికింది మరి!

చాక్‌పీసుతో గీత బయట ఐదు డబ్బాలు గీయండి: రెండు మూలలకు, రెండు వింగులకు (మూలకు, నడుమకు మధ్య పక్కలు), ఒకటి నడుమ. మూల డబ్బానే కష్టం. అక్కడ గీతకు, సైడ్‌లైన్‌కు నడుమ 90 సెంటీమీటర్లే, మడమ తగిలితే అవుట్. అందుకే పిలగాండ్లు లోపలికి జరుగుతరు. రెండడుగులు జరిగినా చాలు, వాళ్ల డిఫెండర్ ఒక్క అంగల స్టార్‌ను ఆపేటందుకు హెల్ప్‌కు వస్తడు. పాదాలు ముందే సర్దుకొని, మోకాళ్లు వంచి, అరచేతులు బాల్ దిక్కు పెట్టి ఆగాలె.

షూటింగ్ రానోడిని మాత్రం మూలన పెట్టకండి, వానిని ఎవరూ కాయరు. వానితోని స్క్రీన్ పెట్టించండి, అంటే డిఫెండర్ దారికి అడ్డం నిలబెట్టండి.