రొయ్యల మేత కంపెనీ షేరు కొనడానికి నాకు పట్టిన ఐదు నెలలు

2022లో ఆఫీసులో ఒకాయన మాట విని ఒక చిన్న కంపెనీలో రెండు లక్షలు పెట్టాను. ఏడాదిన్నర తిరిగేసరికి అరవై వేలు మిగిలాయి. డబ్బు పోయినందుకు బాధ సరే, అంతకంటే సిగ్గనిపించిందేంటంటే, ఆ కంపెనీ ఏం చేస్తుందని మా ఆవిడ అడిగితే "ఇన్‌ఫ్రా" అన్న ఒక్క మాట తప్ప నా దగ్గర ఇంకేం లేదు. అమ్మేశాక కూర్చుని బీఎస్‌ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి) సైట్‌లోంచి దాని యాన్యువల్ రిపోర్టులు తీశాను. మూడేళ్లు వరసగా లాభం చూపించారు, కానీ క్యాష్ ఫ్లో పట్టికలో వ్యాపారం మీద వచ్చిన నగదు మూడేళ్లూ మైనస్సే. సరుకు అమ్మినట్టు రాసుకున్నారు, డబ్బులు మాత్రం చేతికి రాలేదు. ఇదంతా నేను కొనక ముందు నుంచీ అక్కడే ఉంది, పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూసుకోవచ్చు. నేనే చూడలేదు.

ఈసారి కొంటే కళ్లతో చూసిన వ్యాపారంలోనే కొనాలనుకున్నా. మాది భీమవరం దగ్గర ఊరు. బాబాయికి పన్నెండెకరాల రొయ్యల చెరువులున్నాయి. కాబట్టి రొయ్యలే.

2024 దసరా సెలవుల్లో మొదలుపెట్టా. ముందు రంగం అర్థం చేసుకుందామని సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంపెడా లెక్కలు చూశాను. 2023-24లో మన దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్యలు సుమారు 7.16 లక్షల టన్నులు, విలువ 40 వేల కోట్ల పైనే. అందులో 2.97 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. ఈ రెండో అంకె దగ్గరే నాకు గుబులు పుట్టింది. రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీలంటే ఒకే దేశం మీద అంత ఆధారపడ్డట్టు, పైగా మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ అక్కడ వేసే యాంటీ డంపింగ్ సుంకాల గొడవ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. వాటిని పక్కన పెట్టి మేత కంపెనీల వైపు తిరిగాను. రొయ్య ఎవరు తిన్నా, అది పెరగాలంటే మేత తినాల్సిందే కదా అన్నది నా లెక్క. ఎంత తెలివైన ఆలోచనో అనుకున్నా అప్పుడు.

రెండు మేత కంపెనీలు తీసుకుని, ఒక్కోదానివి ఐదేళ్ల రిపోర్టులు వెనక నుంచి ముందుకి చదివాను. ముందు క్యాష్ ఫ్లో, తర్వాత నోట్స్, ఆడిటర్ రాసిన పేజీలు, ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) సొంత కంపెనీలతో లావాదేవీలు. ఛైర్మన్ గారి లేఖ అన్నిటికంటే చివర్న. అది ముందు చదివితే ప్రతి కంపెనీ కొనాలనిపిస్తుంది. పేర్లు చెప్పను, చెబితే ఎవరో ఒకరు దీన్ని టిప్ అనుకుంటారు.

నన్ను చాలా రోజులు ఆపేసింది 2021-22. పెద్ద కంపెనీలో ఆ ఏడాది అమ్మకాలు పెరిగాయి, లాభం తగ్గింది. ఎందుకో అర్థం కాలేదు. వంద రూపాయల మేత అమ్మితే ఎనభై దాకా ముడిసరుకుకే పోతోంది: చేపల పొడి, సోయా చెక్క, గోధుమ పిండి. 2021లో సోయా చెక్క ధర ఎంత మండిందంటే, ఆ ఆగస్టులో ప్రభుత్వం 12 లక్షల టన్నులు దిగుమతి చేసుకోనిచ్చింది. మరి మేత ధర పెంచుకోవచ్చుగా అంటే, పెంచితే మా జిల్లాలో ఏం జరుగుతుందో నాకు తెలుసు, రైతులు రోడ్డెక్కుతారు, కంపెనీలను పిలిచి మాట్లాడమని ప్రభుత్వం మీద ఒత్తిడి వస్తుంది. అంటే ముడిసరుకు చవకైన ఏడాది లాభం ఉబ్బుతుంది, ప్రియమైన ఏడాది చతికిలబడుతుంది. మంచి ఏడాది లాభం పట్టుకుని పీఈ (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో) లెక్కేస్తే షేరు చవగ్గా కనిపిస్తుంది, అదే ఉచ్చు. అందుకే ఐదేళ్ల సగటు మార్జిన్‌తో, అంటే వంద రూపాయల అమ్మకం మీద మిగిలే లాభంతో, మళ్లీ లెక్కేశా. చవక కాదు, ఖరీదూ కాదు అని తేలింది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయి వెంట చెరువు గట్ల మీద తిరుగుతూ ప్రశ్నలతో ఆయన ప్రాణం తీశా. ఖర్చులో సగం పైన మేతకే పోతుందని, కిలో రొయ్యకి కిలోంబావు నుంచి కిలోన్నర దాకా మేత పడుతుందని చెప్పాడు. చవగ్గా వస్తే వేరే బ్రాండ్ వాడతావా అంటే, "మధ్యలో మేత మార్చి దెబ్బతింటే ఎవడిస్తాడ్రా?" అన్నాడు. డబ్బు ముందే కడతావా అంటే నవ్వాడు. డీలరు అప్పిస్తాడట, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక కోసుకుంటాడట.

ఆ రాత్రి మళ్లీ రిపోర్టులు తెరిచా. అప్పు భారం డీలరు మీదుందా, కంపెనీ మీదుందా? పెద్ద కంపెనీకి రావాల్సిన బాకీలు కొద్ది రోజుల అమ్మకాలంత. రెండోదానికి దాదాపు మూడు నెలలవి. అంటే వైట్ స్పాట్ (రొయ్యలకొచ్చే వైరస్ జబ్బు) వచ్చి పంట పోతే రెండో కంపెనీ డబ్బు కూడా ఆ చెరువులోనే ఉన్నట్టు. దాన్ని అక్కడికక్కడే లిస్టులోంచి కొట్టేశా.

మర్నాడు పొద్దున బాబాయితో, మేత కంపెనీలు మీరనుకున్నంత ఏం మిగుల్చుకోవట్లేదు అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఏరా, వాళ్ల షేర్లు కొంటున్నావా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నిజమే, కొనాలని మనసు పడ్డాక నేను ఆ కంపెనీ తరఫున వాదించడం మొదలుపెట్టేశాను.

ఫిబ్రవరిలో సరిగ్గా అరవై వేలకే కొన్నా. ఎందుకు కొన్నానో నోట్‌బుక్‌లో రాసి, కింద ఎప్పుడు అమ్మాలో రెండు లైన్లు రాసుకున్నా. బాకీలు నెల అమ్మకాలు దాటితే. లేదా రైతులు వరసగా రెండు పంటలు సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) తగ్గిస్తే.

అమెరికా గురించి ఒక్క ముక్క రాయలేదు. 2025 ఏప్రిల్ 2న దిగుమతుల మీద అమెరికా సుంకాల ప్రకటన వచ్చింది, షేరు పడింది. అంతకంటే ముందే మా దగ్గర కొనుగోలుదారులు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రేట్లు తగ్గించేశారని బాబాయి ఫోన్ చేశాడు. సుంకం కొన్నాళ్లు వాయిదా పడింది, ఆగస్టు 27 నుంచి 50 శాతం అయింది. మేత వాడు అమెరికాకి దూరంగా ఉన్నాడనుకున్నా గానీ, అక్కడ రేటు పడితే ఫ్యాక్టరీ తగ్గిస్తుంది, ఫ్యాక్టరీ తగ్గిస్తే చెరువు ఖాళీ అవుతుంది, ఖాళీ చెరువుకి మేత ఎవరు కొంటారు?

సెప్టెంబర్లో బాబాయి, "రెండు చెరువులు ఈసారి ఎండగట్టేస్తున్నా" అన్నాడు. కాసేపాగి, "నీ షేరు సంగతేంట్రా?" అని అడిగాడు. నోట్‌బుక్ ముందేసుకుని చూశా. రెండు పంటలు అని రాసుంది. ఇది మొదటిది.