టర్బో మియాటాకు ఫ్యూయల్ పంపు వెతుక్కోవడం: నా అనుభవం

నాది 1995 మోడల్ మాజ్డా మియాటా. డాలస్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాక సరదాపడి కొన్న పాత కారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దీని పవర్ 128 హార్స్‌పవర్. నేను చిన్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది), పెద్ద ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి) పెట్టించి 10 పీఎస్ఐ బూస్ట్‌తో, అంటే అంత అదనపు గాలి ఒత్తిడితో నడుపుతున్నాను. పంపు మాత్రం కారుతో పాటు వచ్చిందే.

ఈమధ్య 6000 ఆర్‌పీఎం దాటితే చాలు, గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ మీటర్‌లో రీడింగ్ 11.5 నుంచి 13 వైపు ఎగబాకడం మొదలైంది. అంటే ఇంజిన్‌కు గాలి అందుతోంది, పెట్రోలు అందడం లేదు. బూస్ట్‌లో ఉండగా అలా లీన్ అయితే, అంటే పెట్రోలు తక్కువైతే, పిస్టన్లు కరిగేదాకా పోతుంది. అందుకే గట్టిగా తొక్కడం మానేసి, ఫ్యూయల్ రైలుకు (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టానికి) ప్రెషర్ గేజ్ తగిలించాను. మామూలుగా 43 పీఎస్ఐ ఉండాలి, బూస్ట్ ఎంత పెరిగితే అదీ అంత పెరగాలి. 10 బూస్ట్‌కు 53 చూపించాలన్నమాట. నాది పైకి వెళ్ళేకొద్దీ జారిపోతోంది.

ఫిల్టర్ మార్చాను, తేడా లేదు. తర్వాత పంపు దగ్గర వోల్టేజ్ చూశాను. బ్యాటరీ దగ్గర కంటే దాదాపు ఒకటిన్నర వోల్టు తక్కువ! పాతికేళ్ళు దాటిన వైరింగ్ మరి. అదృష్టం ఏమిటంటే ఈ కారులో బ్యాటరీ ఉండేది డిక్కీలోనే, పంపుకు పక్కనే. ఒక రిలే, కాస్త లావు వైరు, ఒక ఫ్యూజు వేసి నేరుగా కరెంటు ఇచ్చాను. ఖర్చు పెద్దగా లేదు, ప్రెషర్ కొంత మెరుగుపడింది. పైన మాత్రం ఇంకా పడిపోతోంది. ఇక పంపు మార్చక తప్పదనుకున్నాను.

డీలర్ దగ్గర ఒరిజినల్ పంపు ధర విని ఫోన్ పెట్టేశాను. నాలాగే కార్ల పిచ్చి ఉన్న స్నేహితుడు మాత్రం, "255 వేసెయ్ బావా, రేపు పవర్ పెంచినా పనికొస్తుంది" అన్నాడు. గంటకు 255 లీటర్ల వాల్‌బ్రో పంపు అతని ఉద్దేశం. నేను లెక్క వేసుకున్నాను. టర్బో ఇంజిన్‌కు హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు కావాలి. నాకు 220 హార్స్‌పవర్ చాలు కాబట్టి 132 పౌండ్లు, అంటే దాదాపు 81 లీటర్లు. పంపు మీద రాసే అంకె తక్కువ ప్రెషర్ దగ్గరది, ప్రెషర్ పెరిగితే ఫ్లో తగ్గుతుంది. అది పోగా కూడా 190 లీటర్ల పంపు నాకు ధారాళంగా సరిపోతుంది. పైగా ఈ కారులో మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి వెళ్ళాలి. 255 పెడితే కారుతో వచ్చిన రెగ్యులేటర్ (ప్రెషర్‌ను అదుపులో ఉంచేది) అంత పెట్రోలును వెనక్కి పంపలేక, ఐడిల్‌లో ప్రెషర్ పెరిగి రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు ఎక్కువవుతుంది. అప్పుడు రెగ్యులేటర్ కూడా కొనాలి. నాకెందుకా తలనొప్పి?

190 ఖాయం చేసుకున్నాక అసలు టెన్షన్ మొదలైంది. ఈ పంపులకు నకిలీలు విపరీతం. అదే పేరు, అదే ఫొటోతో ఒకచోట నాలుగో వంతు ధరకే కనిపించింది. పార్ట్ నంబర్ స్పష్టంగా కనిపించే ఫొటో పంపమని అడిగితే సమాధానం లేదు. ట్యాంకులో మునిగి ఉండే వస్తువు దగ్గర బేరాలేమిటని, అధీకృత డీలర్ దగ్గరే వంద డాలర్ల లోపు కొన్నాను.

బిగించే పని కష్టమేమీ కాదు. సీట్ల వెనక అరుగు మీది కార్పెట్ తీస్తే రేకు మూత, దాని కింద పంపు అసెంబ్లీ. ముందు పంపుకు కరెంటు ఆపి, ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపి ప్రెషర్ దించాను. తర్వాత బ్యాటరీ వైరు తీసి, గరాజ్ తలుపు తెరిచిపెట్టాను. అడుగున ఉండే జల్లెడ కొత్తది వేశాను. పంపు నుంచి పైకి వెళ్ళే చిన్న హోస్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మామూలు ఫ్యూయల్ హోస్ బయటి వైపు పెట్రోలుకు తట్టుకోదు, మునిగి ఉంటే మెత్తబడి పగులుతుంది. జె30ఆర్10 అని ముద్ర ఉన్నదే కావాలి. జానెడు ముక్కకు వాళ్ళు అడిగే ధర చూస్తే ఒళ్ళు మండుతుంది, అయినా కొన్నాను.

స్టార్ట్ చేసే ముందు డయాగ్నోస్టిక్ బాక్సులో ఎఫ్/పి, జీఎన్‌డీ పిన్నులు కలిపి, కీ ఆన్ చేసి పంపు ఒక్కటే తిప్పి లీకులు చూసుకున్నాను. ఇప్పుడు 10 బూస్ట్‌లో గేజ్ 53 దగ్గర నిలబడుతోంది, రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ వేగం) దాకా మీటర్ 11.5 దాటడం లేదు. ఐడిల్ కూడా మునుపటిలాగే ఉంది. ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనం) పోయాలంటే మాత్రం మూడో వంతుకు పైగా ఎక్కువ ఇంధనం కావాలి, ఇంజెక్టర్లు, ట్యూనింగ్ మళ్ళీ మొదటికొస్తాయి. ప్రస్తుతానికి ఆ జోలికి పోవడం లేదు.