కుంచంలో ‘క’

పొద్దున నాన్న పార్కు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ "నీ పేజీ పాడైపోయిందమ్మా" అన్నారు. అంతే. కాఫీ తాగి పేపరు అందుకున్నారు. నాకే ఆ మాట రోజంతా లోపల గుచ్చుకుంటూ ఉంది. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. ఈయనా చిన్నదీ పడుకున్నారు. రాసుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

కృష్ణకాంత్ పార్కులో నాన్నకూ ఆ నల్గొండ ఆయనకూ మానిక మీద, అదే ధాన్యం కొలిచే పాత కొలత మీద వాదన వచ్చిందట. మానికకు నాలుగు సోలలని నాన్న. మా దిక్కు సోల, మీ సోల ఒకటి కాదని ఆయన. "మా అమ్మాయి పాత కొలతలన్నీ ఒక పేజీ చేసి నెట్‌లో పెట్టింది, చూడండి" అని నాన్న ధీమాగా అడ్రసు చెప్పారు. ఆయన ఫోన్‌లో తెరిస్తే అడ్రసు పక్కన ‘సురక్షితం కాదు’ అని ఉంది. లోపల ఒక్క తెలుగు అక్షరం లేదు. "ఇదేం భాష సార్?" అని అడిగారట. నాన్న ఏం చెప్తారు?

నేనూ తెరిచి చూశాను. ‘కుంచం’లో ‘క’ ఉండాల్సిన చోట నెత్తిన గీటున్న ఇంగ్లిషు ఏ, పక్కన చిన్న సున్నా, ఆ పక్కన నల్ల చుక్క. ఒక్క అక్షరం మూడు ముక్కలైపోయింది. కంప్యూటరు అక్షరాల్ని అంకెలుగా దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు, అంటే మూడు అంకెలు. మూడూ కలిపి చదవమని ఎవరో ఒకరు బ్రౌజరుకు చెప్పాలి. ఇన్నేళ్లూ ఆ మాట సర్వరు, అంటే పేజీ ఉండే కంప్యూటరు, చెప్పేది. దాన్ని అద్దెకిచ్చే హోస్టింగు వాళ్లు ఎప్పుడో సర్వరు మార్చారు, కొత్తది చెప్పడం లేదు. అసలు నేనే పేజీలో మొదటి 1024 బైట్లలోపు రాసి ఉండాల్సింది, మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని. బ్రాకెట్లతో సహా 22 అక్షరాలు. నాలుగేళ్లుగా ఆ ఫోల్డరు వంక చూడని తప్పు నాదే.

కానీ ఆ 22 అక్షరాలు రాయడానికి పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎందుకు పట్టాలి? హోస్టింగు వాళ్ల సైటులో పాస్‌వర్డు సరిగ్గానే కొట్టాను. ఓటీపీ పంపామంది. ఎక్కడికి? ఎప్పుడో వదిలేసిన నా పాత నంబరుకి. వదిలేసిన నంబరును 90 రోజులు దాటాక వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చు. అంటే నా పేజీ తాళంచెవి ఈపాటికి ఎవరి ఫోన్‌కో పోతూ ఉండొచ్చు. వాళ్ల చాట్‌లో మొదటి అమ్మాయి "రిజిస్టర్డ్ మొబైల్‌కు వచ్చిన ఓటీపీ చెప్పండి" అంది. ఆ నంబరే లేదమ్మా అన్నాను. "సరే మేడమ్, నంబరు మార్చడానికి ఓటీపీ చెప్పండి" అంది. రెండో ఆయన దగ్గర మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మూడో ఆయన ఆధార్ అడిగి, పంపాక ఫొటో మసగ్గా ఉందన్నాడు. బాల్కనీలో వెలుతురులో పెట్టి మళ్లీ తీశాను. ఏటేటా రెన్యువల్ డబ్బులు కట్టించుకునేటప్పుడు ఈ నంబరు ఎవరికీ అడ్డు రాలేదు. నా సొంత పేజీలో ఒక్క వరుస రాసుకుంటానంటేనే అడ్డొచ్చింది. ఇప్పటికీ కోపం తగ్గలేదు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు, చిన్నది అడిగితే విసుక్కున్నాను. అది నాకు బాగా లేదు.

ఆరు దాటాక మెయిల్‌లో లింకు వచ్చింది. వరుస రాసి, సేవ్ చేసి, రిఫ్రెష్ కొట్టాను. కుంచం వచ్చింది.

అది చూడగానే 2004 గుర్తొచ్చింది. అప్పుడు అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో వెబ్ డిజైనింగ్ నేర్చుకుంటున్నాను. గది నిండా జనం, మెట్ల మీద జిరాక్స్ నోట్సు. ప్రాజెక్టుకు అందరూ షాపింగ్ సైటు చేస్తుంటే నేను నాన్నను కూర్చోబెట్టుకుని పాత కొలతలు చెప్పించుకున్నాను. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాన్న చేతులతో కొలిచి చూపిస్తూ చెప్పేవారు, నేను నోట్‌ప్యాడ్‌లో కొట్టేదాన్ని. ఇంట్లో నెట్ లేదు. ఫ్లాపీలో వేసుకుని పంజాగుట్టలో నెట్ సెంటరుకు వెళ్లి ఎక్కించాలి. ఎక్కించిన రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చారు.

తెరిచాం. అక్షరాల బదులు అన్నీ డబ్బాలే. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు రావాలంటే రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి, టిక్కు పెట్టి, సీడీ వేయాలి. "సీడీ లేదు, సెట్టింగులు ముట్టుకోవద్దు" అన్నాడు ఓనరు. నాన్న కళ్లజోడు పెట్టుకుని మానిటరు మీదికి వంగారు. కాసేపు చూసి "ఇందులో కుంచం ఏ డబ్బా అమ్మా?" అని అడిగారు. నేను చూపించాను. దారి పొడుగునా నాకు ఏడుపే. ఆయనేమీ అనలేదు, బస్టాపులో మొక్కజొన్నపొత్తు కొనిపెట్టారు.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చారు. కొలీగ్ దగ్గర విండోస్ సీడీ అడిగి తెచ్చుకుని, ఒక్కరే ఆ నెట్ సెంటరుకు వెళ్లి, ఓనరును బతిమాలి వేయించారట. గంట కూర్చున్నారు. ఇంటికొచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా "కుంచం కనపడిందమ్మా" అన్నారు.

అలాంటి మనిషి చేత ఈరోజు పొద్దున ‘పాడైపోయింది’ అనిపించాను.

అసలు ఆ ఒక్క వరుస రాసి మూసేద్దామనుకున్నాను. కానీ ఫోన్‌లో చూస్తే అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. ఫోను వెడల్పుకు సర్దుకోమని చెప్పే వ్యూపోర్ట్ వరుస లేకపోతే ఫోను ఆ పేజీ 980 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుని కుదించేస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయిన నాన్న కళ్లకు అది కనపడదు. సోర్సు తెరిచాను. టేబుల్‌లో టేబుల్, దాన్లో ఇంకో టేబుల్. అప్పట్లో పేజీలో దేన్ని ఎక్కడ పెట్టాలన్నా అలా పట్టికల గళ్లతోనే కట్టేవాళ్లం, ఆ పనికోసమే ఉన్న సీఎస్ఎస్ గ్రిడ్ బ్రౌజర్లలోకి వచ్చింది 2017లో కదా. మొత్తం పీకేసి కొత్తగా రాద్దామని కూర్చున్నాను. ఒక్కో టేబులూ తీసుకుంటూ పోతే చివరికి కొలతల పట్టిక మిగిలింది. దాన్ని తీయబుద్ధి కాలేదు. అది నిజంగా పట్టికే, అది టేబుల్‌గానే ఉండాలి. దాని జోలికి పోలేదు. అక్షరాలు మాత్రం పెద్దవి చేశాను. రెండు గంటలు ఎలా గడిచాయో తెలీలేదు. చేతికి ఇంకా పని గుర్తుంది.

ఇంకో సంగతి. పొద్దున ఆ నల్గొండ ఆయన మీద నాకు కోపమే వచ్చింది, నాన్నను నలుగురిలో చిన్నబుచ్చారని. కానీ పట్టికలోని అంకెలు మళ్లీ చూస్తుంటే ఆయన మాటలో తప్పేముంది అనిపించింది. 1956 చట్టంతో లీటర్లు, కిలోలు రాకముందు ఊరు మారితే కుంచం మారేది. పేరొకటే, పట్టే గింజలు వేరు. నేను రాసింది మా గుంటూరు వైపు లెక్క, అదీ నాన్న నోటి లెక్క. పేజీలో ఆ మాట ఎక్కడా రాయలేదు.

అందుకే పట్టికకు ఇంకో నిలువు వరుస కలిపాను, పైన ‘నల్గొండ వైపు’ అని రాసి. గళ్లన్నీ ఖాళీ. ఆయన్ని అడగాల్సినవి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాశాను: సోలకు ఎన్ని గిద్దెలు, మానికకు ఎన్ని సోలలు, సోలలో బియ్యం ఎంత పడతాయి. నాన్న రేపు వేసుకునే చొక్కా జేబులో చీటీ, పెన్ను పెట్టి వచ్చాను.