ఎవరికి ఏ పుస్తకం

ఆదివారం, రాత్రి

ఈ మధ్య నేను చదువుతున్నవాటిలో కథలూ నవలలూ తగ్గిపోయి, జరిగిన సంగతులు చెప్పే పుస్తకాలు పెరిగాయి. యాత్రలు, స్వీయచరిత్రలు, సాంఘిక చరిత్ర, కొద్దిగా సైన్సు. ఇవాళ సెలవు కదా అని పొద్దున్నే అల్మరా సర్దడానికి కూర్చున్నాను. పని సగంలో ఉండగానే ఒకరి తరువాత ఒకరు రావడం, కింద పేర్చినవాటిని చూసి అడగడం, నేను తీసి ఇవ్వడం జరిగి, సాయంత్రానికి పై అర దాదాపు ఖాళీ అయింది. ఏ పుస్తకం ఎవరి చేతికి వెళ్లిందో రాసిపెట్టుకోవడం నాకు పాత అలవాటు. నవల ఇచ్చేటప్పుడు "బాగుంటుంది, చదవండి" అంటే సరిపోతుంది. ఇలాంటి పుస్తకానికి ఆ మాట చాలదు. చదివే మనిషి బతుకులోంచి ఆ పుస్తకంలోకి ఎక్కడో ఒక వాకిలి ఉండాలి, అది ఏ పేజీలో ఉందో ఇచ్చేవాడు చూపించగలగాలి. అందుకే నేను పూర్తిగా చదవని పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వను.

ముందుగా వచ్చినవారు కింది వాటాలో ఉండే మాస్టారుగారు. ఆయనా భార్యా వచ్చే నెల కాశీ వెళుతున్నారు. శంషాబాదులో విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకులో అక్కడ దిగుతారు. ఆ మాట వినగానే నా చేయి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర మీదికి వెళ్లింది. వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పల్లకీలు, బోయీలు, డేరాలతో, దాదాపు నూరు మంది పరివారంతో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, పాట్నా, కలకత్తా, పూరీ చూసుకొని, కోస్తా దారిలో విశాఖపట్నం మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇంటికి వచ్చాడు. దారిపొడుగునా తాను చూసినది రాసి కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే స్నేహితుడికి పంపుతూ వచ్చాడు. 1836లో వీరాస్వామయ్య చనిపోయాక, 1838లో ఆ స్నేహితుడే వాటిని అచ్చు వేయించాడు. తెలుగులో ఇంత సవిస్తరమైన యాత్రాగ్రంథం అంతకు ముందు లేదు.

"ఆ కాలపు భాష మాకు కొరుకుడు పడుతుందా, అంత పెద్ద పుస్తకం కదా!" అన్నారు మాస్టారుగారు. అక్కడే పుస్తకం తెరిచి శ్రీశైలం మజిలీ దగ్గర నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. వ్యావహారిక భాష గురించి వాదోపవాదాలు మొదలు కావడానికి చాలా ముందే, కచేరీలో పనిచేసే ఒక మనిషి తాను మాట్లాడే తెలుగుకు దగ్గరగా, షహరు, కసుబా, మజిలీ వంటి మాటలు ఏ మొహమాటమూ లేకుండా వాడుతూ రాసుకున్న పుస్తకం అది. శ్రీశైలం అప్పుడు కందనూరు (కర్నూలు) నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల దగ్గర ఏ సేవకు ఎంత పన్ను గుంజుతున్నారో వీరాస్వామయ్య లెక్కలతో సహా రాశాడు. ఆ భాగంలో ఆయన కోపం తెలుస్తుంది, కాని గొంతు మాత్రం లేవదు. నాకు ఆయనలో నచ్చినది అదే. భక్తితో బయలుదేరిన మనిషి అయినా కళ్లు మూసుకొని నడవలేదు. ప్రతి మజిలీలోనూ నీళ్లు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా, అంగళ్లలో సరుకు దొరుకుతుందా, ఆ ఊరు ఎవరి అధికారం కింద ఉంది అన్నది విడవకుండా నమోదు చేశాడు. ఒక్కొక్క పేజీలో ఈ వివరాలు విసుగు పుట్టిస్తాయి, ఆ సంగతి మాస్టారుగారికి ముందే చెప్పాను. విసుగు పుట్టినచోట దాటేసి, హైదరాబాదు భాగం దగ్గర ఆగి నెమ్మదిగా చదవమన్నాను. నిజాం కొలువులో మంత్రాంగం నడిపిన చందూలాల్ పెత్తనం సాగుతున్న రోజుల్లో, వీధుల్లో ఆయుధాలు పట్టుకొని తిరిగే మనుషుల మధ్య ఒక చెన్నపట్నం ఉద్యోగి మన ఊరిని ఎలా చూశాడో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు ఈ గ్రంథాన్ని పరిష్కరించి మళ్లీ వెలువరించకపోయి ఉంటే ఇవాళ మనలో ఎందరికి దీని పేరు తెలిసేదో. అచ్చు ప్రతి దొరకనివారు వికీసోర్సులో ఉచితంగా చదువుకోవచ్చు. మాస్టారుగారికి ఫోనులో చదవడం ఇష్టం లేదు కాబట్టి నా ప్రతినే పట్టుకెళ్లారు. విమానంలో చదువుతానన్నారు. రెండు గంటల్లో ఆయన కడప కూడా దాటలేరు.

మధ్యాహ్నం భోజనానికి అన్నయ్య, వదిన, వాళ్ల అమ్మాయి వచ్చారు. అమ్మాయి గ్రూప్-2కి చదువుతోంది. దాని చేతిలోని గైడులో సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఒకే ఒక్క పంక్తిలో ఇమిడిపోయి ఉంది: ప్రచురణ 1949, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955, ఆ పురస్కారం పొందిన తొలి తెలుగు గ్రంథం. "పుస్తకం ఎప్పుడైనా చూశావా?" అంటే, "బిట్టు వస్తుంది బాబాయ్, పుస్తకం రాదు" అంది. నవ్వు వచ్చింది గాని అదీ నిజమే. ఆ పురస్కారం ప్రకటించేనాటికి ప్రతాపరెడ్డిగారు లేరు, 1953లోనే కాలం చేశారు. ఆ సంగతి గైడులో లేదు.

దానికి కాకతీయుల ప్రకరణం తీసి ఇచ్చాను. రాజులు ఎవరి మీద దండెత్తారు, ఎవరిని గెలిచారు అన్నది పక్కన పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ దేవతలకు మొక్కారు అన్నదాన్ని ప్రతాపరెడ్డిగారు కావ్యాలలోంచి ఏరి తెచ్చారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 వరకు ఇదే వరుస. ఓరుగల్లు వీధులను చూపించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో అక్కడి పూటకూటి ఇంటి భోజనం గురించి ఒక పద్యం ఉంది, దాన్ని అమ్మాయి చేత పైకి చదివించాను. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డలు గడ్డలుగా కొత్త పెరుగు, ఇన్నీ లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు! అన్నం ముందు కూర్చొని ఆ పద్యం వినడంతో అన్నయ్య రెండోసారి పెరుగు వేయించుకున్నాడు. అమ్మాయి మాత్రం మంచి ప్రశ్న అడిగింది: "రూక పెట్టలేనివాళ్లు ఏం తిన్నారు బాబాయ్?" ఈ పుస్తకం మీద నాకున్న ఫిర్యాదు కూడా అటువంటిదే. కావ్యం రాసిన కవి దృష్టి ఎంతవరకు పోయిందో చరిత్ర కూడా అంతవరకే కనిపిస్తుంది. సామెతల నుంచి, శాసనాల నుంచి, విదేశీ యాత్రికుల రాతల నుంచి ప్రతాపరెడ్డిగారు ఆ వెలితిని కొంత పూడ్చారు, అయినా పొలంలో నిలబడినవాళ్ల మాట తక్కువే. అయితే ఈ లోపాన్ని చూడగలిగే చూపు మనకు వచ్చినది ఆయన వేసిన దారిలోనే కదా. పరీక్ష అయ్యాక మొత్తం చదువుతానంది. నమ్మాను.

వదిన ఆడపిల్లల వసతిగృహంలో వార్డెను. ఉద్యమాల పుస్తకాలు తనకు పడవని ఎప్పుడూ అంటుంది, కాబట్టి కొండపల్లి కోటేశ్వరమ్మగారి స్వీయచరిత్ర నిర్జన వారధిని ఉద్యమం పుస్తకమని చెప్పకుండా ఇచ్చాను. ఆవిడ కాకినాడలో విద్యార్థినుల వసతిగృహంలో మేట్రనుగా పనిచేసిన రోజుల భాగాన్ని తెరిచి చూపించాను. 1918లో పామర్రులో పుట్టి, చిన్నతనంలోనే పెళ్లయి వితంతువై, తరువాత కొండపల్లి సీతారామయ్యను పునర్వివాహం చేసుకొని, ఇద్దరూ కమ్యూనిస్టు పార్టీలో పనిచేశారు. కొంతకాలానికి భర్త విడిచి వెళ్లిపోతే, ముప్పై దాటిన వయసులో హైదరాబాదులో ఆంధ్ర మహిళాసభలో చేరి మెట్రిక్ చదువుకొని ఆ ఉద్యోగం సంపాదించుకున్నారు. కొడుకు పోయాడు, కూతురు పోయింది. ఈ పుస్తకం 2012లో వెలువడేనాటికి ఆవిడ తొంభై దాటారు. 2018లో నూరేళ్లు నిండాక కన్నుమూశారు. ఇంత బతుకును ఎక్కడా ఏడుపు గొంతు లేకుండా, సన్నటి పుస్తకంలో చెప్పారు. వృద్ధాప్యంలో భర్తను మళ్లీ చూడవలసి వచ్చిన సందర్భాన్ని రాసిన పేజీలు మాత్రం నేను ఒక్కసారికి దాటలేక మూసి మళ్లీ తీశాను. వదిన చేయి కడుక్కొని వచ్చి వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి చాలాసేపు చదివింది, తరువాత అడగకుండానే సంచిలో పెట్టుకుంది. నచ్చితే స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం 1986లో తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర ఇస్తాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలైన స్త్రీలు స్వయంగా చెప్పిన మాటలు అందులో వాళ్ల పలుకుబడిలోనే ఉన్నాయి. కోటేశ్వరమ్మగారిని చదివాక అది చదివితే ఆ గొంతులు మరింత బాగా వినిపిస్తాయి.

పై అంతస్తులోని రైల్వే రిటైర్డు పెద్దాయన ప్రతి వారం పేపరు కోసం వస్తారు. ఆయనకు వై.బి. సత్యనారాయణగారి మా నాయన బాలయ్య ఇచ్చాను. తెలంగాణలోని ఒక మాదిగ కుటుంబం రైల్వే కూలీ పని పట్టుకొని, ఊరి వెట్టి నుంచి తప్పుకొని, మూడు తరాలలో కళాశాల ప్రిన్సిపాలు దాకా రావడం అందులో కథ. చెప్పులు కుట్టి ఇచ్చిన పూర్వీకుడికి నిజాం యాభై ఎకరాలు ఇస్తే, దొర అనుభవించనిచ్చినది రెండెకరాలు. ఆ ఒక్క సంగతి చెప్పాను. "గ్యాంగులో పని ఎట్లుండేదో రాసిండా?" అని అడిగి, రాశారనగానే పేపరు సంగతి మరిచిపోయి పుస్తకం పట్టుకొని వెళ్లారు.

పక్కింటి పదో తరగతి కుర్రాడికి మహీధర నళినీమోహన్‌గారి క్యాలెండర్ కథ. వాడికి ఎక్కువ చెప్పనక్కరలేకపోయింది. క్యాలెండరును దిద్దినప్పుడు 1582లో అక్టోబరు 4 తరువాతి రోజు అక్టోబరు 15 అయిందని చెబితే, "మధ్యలో పుట్టినరోజు ఉన్నవాళ్లు ఏం చేశారంకుల్?" అని అడిగి పరుగెత్తాడు. పిల్లలకు సైన్సును ఇంత చిలిపిగా చెప్పగలిగినవాళ్లు తెలుగులో మరికొందరు ఉండవలసింది.

అన్నయ్య మాత్రం ఉత్త చేతులతో వెళ్లాడు. వాడికి కావలసింది డబ్బు గురించిన పుస్తకం. జీతం, అప్పు, ధరలు, బ్యాంకు వడ్డీ ఎలా పెరుగుతాయో ఎలా తగ్గుతాయో మామూలు మనిషికి అర్థమయ్యేలా, తెలుగులో. పుస్తకాల షాపులో ముందు వరుస అంతా ఆక్రమించి ఉండే వ్యక్తిత్వ వికాసం సరుకును నేను సిఫారసు చేయను. అందులో చాలా భాగం ఇంగ్లీషులో ఒకరు చెప్పిన మాటను తెలుగులో పదిమంది చెప్పడమే, పైగా ఎవరి అనుభవమూ అందులో కనిపించదు. కోటీశ్వరులు కావడానికి దారులు చూపే పుస్తకాలు కూడా వద్దన్నాను. మరి ఏది చదవమంటావు అని గట్టిగా అడిగేసరికి, నేను మొదటి నుంచి చివరిదాకా చదివి, ఫలానా పేజీ తెరువు అని చెప్పగలిగిన తెలుగు పుస్తకం ఆ విషయం మీద ఒక్కటీ తట్టలేదు. వచ్చే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలలోనూ, కాచిగూడ షాపులోనూ వెతుకుతానని మాట ఇచ్చాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఎవరైనా తమ ఉద్యోగం గురించి రాసిన పుస్తకం దొరికితే ముందు అదే కొంటాను.