బీరువాల్లోని బస్తీ

ముషీరాబాద్‌లో మా గల్లీలో సగం ఇళ్ళు ఆర్టీసీ వాళ్ళవే. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన సంస్థ అది. ఈ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. తర్వాతి కాలంలో ఆ బస్సులు నడిపినవాళ్ళు ఎలా ఉండేవాళ్ళో తెలియాలంటే మాత్రం మా బీరువాలు తెరవాల్సిందే. అందుకే ఇంటింటికీ తిరిగి పాత ఫొటోలు స్కాన్ చేయడం మొదలుపెట్టాను.

మొదట్లో ఎవరూ ఇవ్వలేదు. "తీస్కపోయినోళ్ళు మళ్ళ తెచ్చిచ్చిన్రా బిడ్డా?" అంది ఒక అవ్వ. నిజమే కదా! స్కానర్‌నే ఇళ్ళకు మోసుకెళ్ళి, వాళ్ళ కళ్ళముందే తీసి, అక్కడే తిరిగి ఇచ్చేసేవాణ్ణి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలు. వాట్సాప్‌లో పంపుతామన్నవాళ్ళకు వద్దని చెప్పాను, క్లారిటీ పోతుంది.

టెన్షనంతా జిగురు ఆల్బమ్‌లతోనే. ఫొటో అట్టకు అతుక్కుపోయి ఉంటుంది, గోటితో లేపితే చిరుగుతుంది. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని కింద దూర్చి మెల్లగా అటూ ఇటూ లాగితే చాలావరకు ఊడొచ్చాయి. రానివాటిని పేజీతో సహా స్కాన్ చేశాను. ఫ్రేము అద్దానికి అంటుకున్నవాటిని అద్దంతోనే స్కాన్ చేశాను. ఒక డ్రైవర్ తాత ఫొటోకు ఏటా పెట్టిన కుంకుమ నుదుటి దగ్గర కాగితంలోకి ఇంకిపోయింది. కంప్యూటర్‌లో చెరిపేయమన్నారు మనవలు. వాళ్ళకో కాపీ అలాగే చేసిచ్చాను గానీ, అసలు ఫైల్లో బొట్టును ముట్టుకోలేదు.

నన్నడిగితే స్కానింగ్ కంటే ముఖ్యమైనవి ఫొటో చూస్తూ వాళ్ళు చెప్పే మాటలు. ఫోన్‌లో రికార్డర్ పెట్టేవాణ్ణి. మగవాళ్ళకైతే పేరు, డిపో, రూటు నంబరు కూడా చెప్తారు. పక్కన నిలబడ్డామె ఎవరంటే "కండక్టర్ పెండ్లాం". అంతే! అందుకే మధ్యాహ్నాలు వెళ్ళడం మొదలుపెట్టాను, ఆడవాళ్ళు తీరిగ్గా కూర్చునే వేళ. అప్పుడు పేర్లొచ్చాయి. ఒక పెళ్ళి ఫొటోలో పట్టుచీర పక్కింటి పెద్దమ్మ దగ్గర అరువు తెచ్చిందని, ఆ పెద్దమ్మ ఫొటో మాత్రం ఎవరింట్లోనూ లేదని తెలిసింది. ఆమె పేరు ఆ పెళ్ళి ఫొటో వెనకే, ఒత్తకుండా పెన్సిల్‌తో రాయించాను.

వచ్చే బోనాలకు పోచమ్మ గుడి దగ్గర ప్రింట్లు కడుతున్నాం. పేరు తెలియని ముఖాల కింద గీత ఖాళీగా వదిలి, పక్కనే దారానికి పెన్ను కడతాం. గుర్తుపట్టినవాళ్ళు రాస్తారు.